దారి తప్పడంలో దిట్ట

అటవీశాఖ గైడు లేవికి గల విశేష లక్షణం ఒక్కటే: ఆయన దారి తప్పుతాడు. అప్పుడప్పుడూ కాదు, క్రమం తప్పకుండా. కడపకు పడమటనున్న కంపచెట్ల గుట్టల్లోనే పుట్టి, అక్కడే మేకలు కాచి, తల నెరిశాక శాఖలో చేరిన ఆ మనిషి, చలికాలంలో తోడేళ్లను చూపడానికి సందర్శకులను తీసుకుపోయిన ప్రతిసారీ వేరెక్కడో తేలేవాడు.

దారి తప్పడంలోనూ ఆయనకొక హుందాతనం ఉండేది. బాటలు చీలే చోట ఆగి, టోపీ తీసి, గాలి వాసన చూసి, గుర్రమెక్కిన పెండ్లికొడుకంత ధీమాగా తప్పు బాట పట్టేవాడు.

"లేవిగారూ, ఫోనులో మ్యాపు ఎడమకు పొమ్మంటోంది," అన్నాడొకసారి హైదరాబాదు ఫొటోగ్రాఫరు.

"ఆ మ్యాపు ఎప్పుడన్నా ఈడికి వచ్చిండాదా సార్?"

"అది ఉపగ్రహం నుంచి చూస్తుందండీ."

"అంత దూరం నుంచి చూస్తే నాకూ ఎడమే కనపడతాది. రాండి సార్, కుడికి."

కుడికే పోయారు. మధ్యాహ్నానికి కృపమణి అనే ఒంటరి ఆడమనిషి గుడిసె ముందు తేలారు. తోడేలు తోక కూడా కనబడని ఆ బృందం, ఆకలికి ఆగలేక ఆమె దగ్గర సంగటి కొనుక్కొని తిని, మారుమాట లేకుండా ఇంటిదారి పట్టింది.

మారుమాటలన్నీ ఫిర్యాదుల రూపంలో రేంజి ఆఫీసరు నాగలత బల్ల మీదికి చేరాయి. కొత్తగా వచ్చిన ఆమెకు ఇది తలవంపుగా తోచి, లేవిని పిలిపించింది.

"పుట్టిన గుట్టల్లో దావ తప్పేదేంది లేవన్నా? ఈ ఆదివారం నేనూ వస్తా. మళ్లీ తప్పితే నీకు గేటు కాడ టికెట్లు చించే పనే."

"తప్పేదే ల్యా మ్యాడం. కండ్లకు గంతలు కట్టి ఇడిసినా పోతా."

ఆదివారం వచ్చింది. బాటలు చీలే చోటూ వచ్చింది. లేవి టోపీ తీశాడు, వాసన చూశాడు, కుడికి తిరిగాడు. నాగలత పండ్లు బిగబట్టి వెంట నడిచింది. ఎండ నడినెత్తికెక్కే వేళకు కృపమణి గుడిసె ఎదురైంది.

"అయ్యో, ఇదెట్లయ్యిందబ్బా!" అని లేవి నివ్వెరపోయాడు. ఆ నివ్వెరపాటులో ఏ లోపమూ లేదు.

నాగలత నోరు తెరిచేలోపే అందరి ముందూ విస్తర్లు పడ్డాయి. పొగలు కక్కే సంగటి ముద్దలు, నంజుకోవడానికి చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి. ఆమెకు అనుమానం తగిలింది.

"ఇంతమందికి ఇంత బిరీన ఎట్ల వండినావక్కా?"

"బిరీనేముందమ్మా? ఈ దినం దావ తప్పుతానని లేవన్న పొద్దున్నే చెప్పిపోయినాడు. మ్యాడం గూడా వస్తాండాది, ముద్దలు రోంత పెద్దవి చెయ్ అన్న్యాడు."

సందర్శకులు ఘొల్లుమన్నారు. లేవి గుట్టలను మొదటిసారి చూస్తున్నవాడిలా శ్రద్ధగా చూడసాగాడు. నాగలత ఆయనను పక్కకు పిలిచింది.

"ఎడమ దావలో ఏముండాది?"

"యాటా ఈ చలికి ఆ పక్కనుండే వాగువంకలోనే తోడేలు ఈనుతాది మ్యాడం. మనుషుల అలికిడైతే తల్లి పిల్లలను నోట కరుచుకొని ఇంగో తావుకు మారుస్తాది. ఆ మార్చేదాంట్లో ఒగటో రెండో పోతాయి."

"ఆ మాటే వచ్చినోళ్లకు చెప్పచ్చు గదా?"

"చెప్తే ఆడికే పోవల్లంటారు. దావ తప్పినోన్నయితే తిట్టి ఊరుకుంటారు."

"మరి ఈయమ్మ ఇంటికేనా ప్రతిసారీ తప్పేది?"

లేవి టోపీని అటూ ఇటూ తిప్పాడు. "అడవిలోకి మేకలు రాకూడదని మనోళ్లు బోర్డు పెట్టినంక ఆయమ్మ మంద అమ్ముకున్యాది మ్యాడం. ఎట్లా తప్పేదే గదా, ఈ పక్కకే తప్పితే పోలా అనుకున్యా."

నాగలత గుడిసె ముందుకు తిరిగి వచ్చింది. విస్తరి ముందు కూర్చొని, ముద్ద పూర్తిగా తిని, చేయి కడుక్కొని, అధికార స్వరంతోనే అంది:

"టికెట్లు చించేదానికి ఇంగొకర్ని చూస్తా. వచ్చే ఆదివారం కర్నూలు నుంచి పెద్దాఫీసర్లు ఇంటోళ్లతో వస్తాండారు. యాడ తప్పుతావు?"

లేవి టోపీ పెట్టుకున్నాడు.

"ఈడికే మ్యాడం. కాకపోతే ఎంతమందో శనివారమే చెప్పండి. ఆయమ్మ పిండి పట్టించుకోవల్ల."