తుమ్ముల కేసులో నా దర్యాప్తు

ఆ రోజుల్లో మా బడిలో క్లాసు లీడరంటే చిన్న ఉద్యోగం కాదు. సారు రాకముందు మాట్లాడినవాళ్ల పేర్లు రాయాలి, బోర్డుకు డస్టరు ఇంటినుంచి కుట్టించి తేవాలి. ఐదో తరగతిలో ఆ పదవి నాకు దక్కిన రోజు మా అమ్మ గోనెసంచి ముక్కను నాలుగు మడతలేసి, చుట్టూ ఎర్రదారంతో కుట్టి మరీ ఇచ్చింది. మా బాపుది మిర్చి అడ్తి, రైతుల సరుకు కమీషను మీద అమ్మిపెట్టే వ్యాపారం. ఎనుమాముల మార్కెట్లో అమ్ముడుపోని బస్తాలు మా ముందరి అర్రలోనే ఉండేవి కాబట్టి గోనెకు కొదవ లేదు. అంత అందమైన డస్టరు వరంగల్లులో ఇంకే బడిలోనూ ఉండదని నా నమ్మకం. (అది మాత్రం నిజమే అయ్యుంటుంది.)

మర్నాటి నుంచి మా క్లాసుకు తుమ్ములు పట్టుకున్నాయి. లెక్కల సారు బోర్డు తుడిచి, డస్టరును టేబులుకేసి రెండుసార్లు కొట్టి ఇటు తిరిగేసరికి, ముందు బెంచీ మొదలుకొని అందరూ తుమ్మడమే. సారూ తుమ్మేవాడు, దానికి కూడా మమ్మల్నే అనుమానించేవాడు. మూడో రోజు తలుపు దగ్గరికేసి, "ఎవలో నశ్యం తెచ్చి ఊదుతాండ్రు. నాకు తెల్వదనుకుంటాండ్రు. లీడర్, అనుమానమున్నోళ్ల పేర్లు రాసియ్యి. దొరికినోళ్లు వాళ్ల నాయినను తోల్కొని రావాలె" అన్నాడు.

నాకు అనుమానం లేనిదెవరి మీద? జేబులో చెయ్యి పెట్టినవాడి మీద అనుమానం, పెట్టనివాడి మీద ఇంకొంచెం ఎక్కువ అనుమానం. చివరికి కాగితం మీద మొదటి పేరు గాలిపటానిది. గాలిపటమంటే నా పక్కనే కూర్చునే సన్నటి పిల్ల. వాళ్ల నాయినమ్మ నశ్యం పీలుస్తుంది, అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? బడినుంచి ఒక్క ఫిర్యాదు వచ్చినా చదువు మాన్పించి, మిరపకాయల తొడిమలు తీసే కూలికి పంపుతానని వాళ్ల నాయిన అన్నాడని ఆ పిల్లే నాకు చెప్పింది. అది తెలిసే రాశాను. లీడర్లకు దయ ఉండకూడదని అప్పట్లో నా అభిప్రాయం.

సారు గాలిపటాన్ని వరండాలో నిలబెట్టాడు. "నేను తేలే సారూ. మా నాయినను పిలువకుండ్రి" అని ఆ పిల్ల ఏడుస్తూనే ఉంది. సారు బోర్డు తుడిచాడు, డస్టరు కొట్టాడు. క్లాసు క్లాసంతా తుమ్మింది. సారు తనూ తుమ్మి, వరండా వైపు చూసి, మెల్లగా మా వైపు తిరిగాడు. అందరూ ముక్కులు తుడుచుకుంటుంటే నేనొక్కదాన్నే కాగితం, పెన్సిలు పట్టుకుని కొత్త పేర్ల కోసం నిటారుగా కూర్చుని ఉన్నాను.

"ఏం బిడ్డా, నీకు తుమ్ములు రావేంది?" అన్నాడు గొంతు బాగా తగ్గించి.

"మాకు అలవాటే సారూ. మా ఇంటికి ఎవలొచ్చినా గిట్లనే తుమ్ముతరు" అన్నాను గర్వంగా.

"మీ ఇంట్ల ఏముంటయ్?"

"మిర్చి బస్తాలు సారూ."

సారు డస్టరును ముక్కు దగ్గరికి తీసుకున్నాడు. (అంత దగ్గరికి తీసుకోవాల్సింది కాదు.) ఆ పీరియడంతా ఆయన బోరింగు దగ్గర ముక్కు కడుక్కుంటూనే గడిపాడు. నేనేమో పుట్టినప్పటినుంచి ఆ ఘాటులోనే పెరిగినదాన్ని, గాలి వాసనే అలా ఉంటుందనుకున్నాను.

గాలిపటం వాళ్ల నాయినను పిలవకుండానే కేసు మూతపడింది, నా లీడరు పదవి ఆ సాయంత్రమే పోయింది. బాధ లేదంటే అబద్ధం. ఇంటికి పోతుంటే గాలిపటం, "నా పేరెందుకు రాసినవే?" అని అడిగింది. "మీ నాయినమ్మ నశ్యం పీలుస్తది గదా" అన్నాను. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, "ఔ గదా" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పటికీ ఇంట్లో తాళంచెవులు కనబడకపోతే నాకు ముందు ఎవరో ఒకరి పేరే గుర్తొస్తుంది. ఆ వెనకాలే "ఔ గదా" అన్న ఆ సన్నటి గొంతు వినబడుతుంది. అప్పుడు సిగ్గుపడి నా సంచీలో వెతుక్కుంటాను. తాళంచెవులు ఎక్కువసార్లు అందులోనే ఉంటాయి.