ముందు సీటు, పొట్టి పుల్ల

వేడి తువాలు చేతిలో పెట్టగానే కమ్సియాకి మొదటి అనుమానం వచ్చింది. ఇంకా ఏమీ తినలేదు, తాగలేదు. అప్పుడే చేతులు తుడిపిస్తున్నారంటే ఈ చేతులతో ఏదో చేయించబోతున్నారన్నమాట. తువాలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. నిమ్మగడ్డి వాసన, బాగానే ఉంది. బాగానే ఉండటమే ఆమెకి నచ్చలేదు.

పక్క సీట్లో మొగుడు లామిత్ తువాలుతో మెడ వెనక తీరిగ్గా తుడుచుకుంటున్నాడు. తమ దేశపు విమానాల్లోకి భోజనాల బళ్ళు ఎక్కించే పనిలోనే అతని జుట్టు తెల్లబడింది. ఎక్కించడం, దిగిపోవడం, ఎండలో నిలబడి విమానం లేచిపోతుంటే చూడటం, ఇంతే అతని ఉద్యోగం. రిటైరయ్యేటప్పుడు పైవాళ్ళు కరుణించి ఒక్కసారికి ముందు వరుసలో రెండు సీట్లిచ్చారు. ఒకటి అతనికి, ఒకటి భార్యకి. కాబా చూసొచ్చే ఉమ్రా యాత్రకి వెళ్ళొస్తానన్నాడు. భార్య సీటొకటే గానీ లామిత్‌కి భార్యలు ఇద్దరు. చిక్కంతా అక్కడే వచ్చింది.

కమ్సియా పెద్ద భార్య. తమ చిన్న దేశానికి రాజధాని అయిన బందర్ నగరం పక్కన, నీళ్ళ మీది వాడలో, నదిలో దిగ్గొట్టిన గుంజల మీద నిలబడ్డ ఇంట్లో పుట్టింది. అదే వాడలో నాలుగు చెక్క వంతెనల అవతలికి కాపురానికొచ్చింది. కియాంగె సంతలో ఎండురొయ్యలూ, రొయ్యలు నూరి పులియబెట్టిన ముద్దా అమ్ముతుంది. మొప్పలు ఎత్తి చూడందే చేపని నమ్మదు. పోటు వచ్చిందని పడవవాడు చెప్పినా, వంగి గుంజ మీద తడి చూసుకున్నాకే ఎక్కుతుంది. నెలవంక కనిపించింది, రేపట్నుంచి ఉపవాసాలని మసీదులో చెబితే, "ఎవరు చూశారట?" అని అడిగిన మనిషి ఆమె. సంతలో అందరూ నవ్వుకుంటారు. నవ్వితే నవ్వనీ, ఆమె బుట్టలోకి కుళ్ళు సరుకు ఏనాడూ రాలేదు.

ఒక్క విషయంలోనే ఆమె మొప్పలెత్తి చూడలేదు. పదేళ్ళ కిందట లామిత్, పిల్లల కోసం ఇంకో పెళ్ళి చేసుకుంటానన్నాడు. షరియా కోర్టులో న్యాయాధికారి అడిగితే కమ్సియా అభ్యంతరం లేదని చెప్పింది. అలా వచ్చింది మస్నీ. ఇద్దరు మగపిల్లలు పుట్టారు, నిజమే. కానీ పిల్లలన్నది సాకని, మొగుడికి నచ్చింది మస్నీ నవ్వని కమ్సియాకి మొదటి నెల్లోనే తెలిసిపోయింది. అది తెలిసిన దగ్గర్నుంచీ ఆమెకి లోపల నొప్పే. ఆ నొప్పి మీద ఆమె పదేళ్ళుగా గట్టిగా కొంగు బిగించుకుని బతుకుతోంది.

ఇద్దరు భార్యలున్నవాడు ప్రయాణానికి ఒకరినే తీసుకెళ్ళగలిగితే వంతులు వెయ్యాలి. అది మతం చెప్పిన న్యాయం, ఇష్టాయిష్టాల ప్రసక్తి లేదు. లామిత్ చీటీలు రాస్తానంటే కమ్సియా ఒప్పుకోలేదు. "రెంటి మీదా ఒకే పేరు రాస్తే నేనేం చెయ్యను? కొబ్బరి ఈనెలు కొయ్యి," అంది. అతను ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా కోసి పిడికిట్లో పట్టుకున్నాడు; పొడుగుది వచ్చినవాళ్ళకే సీటు. చిన్నదని మస్నీ ముందు లాగి, గుప్పిట మూసుకుంది. తరవాత కమ్సియా లాగింది. వేలెడు పుల్ల వచ్చింది. సరే, పోయింది అనుకుంది. తీరా మస్నీ గుప్పిట విప్పితే అందులోది ఇంకా పొట్టి. గోరంత.

అందరూ కమ్సియాని అభినందించారు. ఆమె మాత్రం ఆ వేలెడు పుల్లనే చూస్తూ కూర్చుంది. తనదే వేలెడుంటే, పొడుగు పుల్ల ఏది? బుద్ధున్నవాడెవడైనా రెండూ పొట్టివే కోస్తాడా? ఇందులో ఏదో ఉంది, లామిత్‌కి ఆ సంగతి తెలుసు, అనుకుంది.

సంతలో ఎదురు దుకాణం రుగాయా ఆ అనుమానానికి ఉప్పూ కారం జల్లింది. "మొగుడు ముందు సీట్లో కూచోబెట్టాడంటే మురిసిపోకు. మా బావ కూడా మా అక్కని అట్టాగే దుబాయి తిప్పుకొచ్చాడు. వచ్చిన నెలకి తలాక్ ఇచ్చాడు. నరికే ముందు మేకకి మేత బాగా పెడతారు తల్లీ."

అదే కమ్సియా భయం. ఈ వయసులో లామిత్ తనని వదిలించుకుంటాడా? పవిత్ర స్థలానికి తీసుకెళ్ళి, అక్కడైతే గొంతెత్తి పోట్లాడదని, మెత్తగా చెబుతాడా? నీళ్ళ మీది ఇల్లు, సంతలో బుట్ట తనవే, వాటికేం ఢోకా లేదు. కానీ మస్నీ ఇంటి నుంచి అతను వచ్చే శుక్రవారం సాయంత్రాలు వంతెన మీద అతని అడుగుల చప్పుడు వినపడకపోతే ఆ ఇంట్లో ఎలా ఉండాలో ఆమెకి తెలియదు. 

విమానాశ్రయంలో మస్నీ చేసిన పని కూడా ఆమెకి అంతుపట్టలేదు. చెయ్యి ముద్దు పెట్టుకుని, వెక్కివెక్కి ఏడ్చి, "అక్కా, తెలిసో తెలీకో ఏమన్నా తప్పు చేసుంటే మనసులో పెట్టుకోకు," అంది. వెళ్ళేవాళ్ళు అడగాల్సిన మాట పంపించేవాళ్ళు అడగడమేమిటి? అతి వినయం ధూర్త లక్షణం అంటారు. కమ్సియా పైకి "సర్లే, పిల్లలు జాగ్రత్త," అని మాత్రం అంది.

విమానం కదిలింది. ఎదురుగా ఉన్న తెర మీద ప్రయాణానికి చదివే దువా, ప్రార్థన, వచ్చింది. లామిత్ చేతులెత్తాడు. కమ్సియా కూడా ఎత్తింది గానీ ఒక కన్ను అతని మీదే ఉంచింది. దువాలో అతని పెదాలు తడబడ్డాయి. అది కూడా ఆమె లెక్కలో పడింది.

పైకెగిరాక తలకి గుడ్డ కట్టుకున్న, విమానంలో వడ్డించే పిల్ల వచ్చి, ఖర్జూరాలూ కాఫీ తెచ్చింది. వెనకాలే పళ్ళరసం, ఆ వెనకాలే వేరుశనగ పచ్చడితో, పుల్లలకి గుచ్చి కాల్చిన మాంసం ముక్కలు వచ్చాయి. కమ్సియా దేన్నీ తినలేదు. తింటే ఒప్పుకున్నట్టే. రేపు ఇతను, 'ముందు సీట్లో కూచోబెట్టి మర్యాద చేశాను కదా, ఇంకేం కావాలి,' అంటే ఏం జవాబు చెప్పాలి? అయితే వద్దని ఊరికే పంపడానికీ లేదు. పెట్టినదాన్ని కనీసం తాకకుండా వెళితే కపునాన్ అనే కీడు తగులుతుంది. దారిలో పామో, పడవ బోల్తానో, ఏదో ఒకటి. ఇక్కడ కింద నది కూడా లేదు, పడితే ఎక్కడ పడతారో దేవుడికే తెలియాలి. అందుకని వచ్చిన ప్రతిదాన్నీ చూపుడువేలి కొసతో తాకి, ఆ వేలు పెదవికి రాసుకుని, "చాలమ్మా, తీసెయ్," అనేది.

నడవ అవతల కూర్చున్న పరాయి దేశం పెద్దమనిషి, ఈవిడ ఖర్జూరాలూ రొట్టే వెన్నా వరసగా వేలితో పొడవడం చూసి తన పళ్ళెం కొంచెం అవతలికి జరుపుకున్నాడు. వడ్డించే పిల్లది తమ దేశంలోని తుతోంగ్ ఊరే, ఇదంతా ఇంట్లో చూసిందే. అందుకని రొయ్యల కూరా అన్నం తెచ్చినప్పుడు, తానే పళ్ళెం వంచి వేలికి అందేలా పట్టుకుంది.

"అత్తా, ముద్దయినా తినండి. మా అమ్మ చేసినట్టే ఉంటుంది," అంది.

"మీ అమ్మ ఊరికే పెడుతుంది. వీళ్ళెందుకు పెడుతున్నారో తెలీదుగా," అంది కమ్సియా.

పిల్ల నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. లామిత్ తన పళ్ళెంలో కెలుకుతున్నాడు. "ఏమే, ఒంట్లో బాగోలేదా? పొద్దుట్నుంచి ఏం తినలేదు నువ్వు. కావాలంటే ఈ మీట నొక్కు, కుర్చీ మంచమైపోతుంది. కాసేపు పడుకో."

"కుర్చీ మంచమవుద్దీ, మొగుడు పరాయివాడవుద్దీ. ముందు సీట్లో అన్నీ మారిపోతాయి కాబోలు."

"ఏంటా మాటలు?"

"నువ్వు తేలు కుట్టిన దొంగలా కూచున్నావు గనక ఆ మాటలు. ఏమయ్యా, జెడ్డాలో దిగి చెబుతావా, మదీనాలో చెబుతావా? ఇక్కడే చెప్పెయ్. అరవను. అరిస్తే ఆ పిల్ల ఇంకో తువాలు తెస్తది."

"ఏం చెప్పాలి?"

"నన్ను వదిలేస్తున్నావా?"

లామిత్ చెంచా పక్కన పెట్టాడు. "నీకేమన్నా పిచ్చా? ఎవరు చెప్పారు నీకు? రుగాయాయేనా?"

"మరి పుల్లలెందుకు మాయ చేశావ్? నాది వేలెడుంది. అంతకంటే పొట్టిది ఎవడన్నా కోస్తాడా?"

 లామిత్ కిటికీలోంచి మబ్బులు చూశాడు. ఆమె వైపు తిరక్కుండానే అన్నాడు. "నేను మాయ చెయ్యలేదు. నేను కోసిన పొట్టి పుల్ల నీ చేతిలో ఉన్నదే."

"మరి మస్నీ చేతిలోది?"

"అది జానెడు. గుప్పిట్లో విరిచేసింది. ముక్క తలగుడ్డ కింద దాచేసుకుంది. టప్పున చప్పుడు నాకు వినపడింది."

 విమానం రొద కమ్సియా చెవుల్లో నిండిపోయింది. తరవాత, పదేళ్ళలో ఒక్కసారీ అడగని ప్రశ్న అడిగింది. "నీకెవరు రావాలని ఉండె?"

లామిత్ నడుం దగ్గర బెల్టు సర్దుకున్నాడు.

"మనం పోతున్నది మంచి చోటికి. దారిలో అబద్ధమాడకు."

"మస్నీ వస్తుందనుకున్నా," అన్నాడు అతను. "రావాలనే ఉండె. చప్పుడు విన్నాక కూడా నోరు తెరుద్దామనుకున్నా. అది కళ్ళెర్రజేసి చూసింది. ఇంటికెళ్ళి వారం రోజులు దాంతో మాట్లాడలేదు నేను."

తెలియని మాటేం కాదు. అయినా అతని నోట వినడం వేరు. ఇంతకాలం ఏ కుళ్ళు వాసన కోసం వెతికిందో అది ఎదురుగానే ఉంది. అనుమానం నిజమైతే కొంచెమైనా గెలిచినట్టు ఉంటుందనుకునేది. ఏమీ లేదు, ఏడుపొచ్చింది. తలగుడ్డ చెంగు మూతికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. లామిత్ భుజం మీద చెయ్యి వెయ్యబోతే తీసి పక్కన పెట్టింది.

కాస్త తేరుకున్నాక అంది. "పిల్లల్ని వదిలి రాలేక విరిచుంటుంది."

"పిల్లల్ని చూసుకోడానికి వాళ్ళమ్మని ఊర్నించి ముందే పిలిపించుకుంది. ఉమ్రాకని తెల్ల బట్టలు కుట్టించుకుంది. సంచీ కూడా సర్దుకుంది."

"విమానమంటే భయమేమో."

"భయమా దానికి? చిన్నప్పట్నించీ ఎక్కాలని దాని ఏడుపు."

"మరెందుకంట?"

"ఆ వారం పోయాక, కోపంతో నేనూ అదే అడిగా. మా పెళ్ళికి అనుమతి కోసం కోర్టుకెళ్ళినప్పటి సంగతి చెప్పింది. ఆరోజు వరండాలో దానికెవరూ చోటివ్వలేదంట. అందరూ గుసగుసలు. నిలబడి నిలబడి కళ్ళు తిరుగుతుంటే నువ్వు బెంచీ మీద పక్కకి జరిగి కూచోమన్నావంట."

కమ్సియా గుర్తు తెచ్చుకోడానికి ప్రయత్నించింది. వరండా గుర్తుంది, బెంచీ గుర్తుంది. ఆకుపచ్చ బట్టల్లో వణుకుతున్న పిల్ల ఒకతె లీలగా గుర్తొచ్చింది. చోటివ్వడం గుర్తు లేదు. అంత మంచితనం తనలో ఉందంటే ఆమెకి నమ్మకం కుదరలేదు.

"ఎండ మీద పడుతోందని జరిగుంటాను," అంది.

"నేనూ అదే అన్నా. 'దేనికి జరిగితే ఏం, చోటయితే ఇచ్చిందిగా,' అంది."

కమ్సియా ముఖం తుడుచుకుంది. ఇంకేదైనా మెలిక ఉందేమోనని మనసులో నాలుగు వైపులా వెతికి చూసింది. మొప్పలు ఎర్రగానే ఉన్నాయి. సరుకు తాజాదే. ఇన్నేళ్ళూ శుక్రవారం రాగానే తన ఇంట్లోంచి మొగుణ్ణి తోలి పంపేది కూడా మస్నీయేనేమో అనిపించింది. అతను ఏ వారమూ ఆలస్యంగా రాకపోవడానికి కారణం తన మీద ప్రేమ కాదని తెలిసింది.  ఆ నొప్పితోనే, వడ్డించేవాళ్ళని పిలిచే మీట వెతికి నొక్కింది. తుతోంగ్ పిల్ల పరుగెత్తుకొచ్చింది.

"ఇందాక వెనక్కి పంపినవన్నీ మళ్ళీ తెచ్చిపెట్టు తల్లీ. రొయ్యలు కొంచెం ఎక్కువెయ్యి."

"ఇప్పుడు తింటారా అత్తా?"

"తింటాను. ఎవరు పెట్టారో తెలిసిందిలే."

చేత్తో కలుపుకుని తింది. రొయ్యల్లో కారం తక్కువైందంది, అయినా వదల్లేదు. ఖర్జూరాలు తింది. మాంసం పుల్లలు ఒక్కొక్కటీ దూసి తింది. నడవ అవతలి పెద్దమనిషి పుస్తకం పక్కన పెట్టి చూస్తుంటే, చూసుకోనీ అనుకుంది. లామిత్ మాత్రం ముద్ద మింగలేక పళ్ళెం తోసేశాడు. ఏళ్ళ తరబడి తన చేతులతో విమానాల్లోకెక్కించిన వంటలే అవి. 

"తినకపోతే తినకపోయావు గానీ వేలు పెట్టి తాకు," అంది కమ్సియా. "దారిలో నీకేమన్నా అయితే మస్నీకి నేనేం చెప్పుకోను?"

అతను బుద్ధిగా తాకి, వేలు పెదవికి రాసుకున్నాడు. గొంతు తగ్గించి అడిగాడు. "కాబా కంటబడగానే అడిగిన మొదటి దువా ఊరికే పోదంటారు. నా కోసం ఏమన్నా అడుగుతావా, కమ్సియా?"

"మొదటిది మస్నీకి. నీది తరవాత చూద్దాం, మిగిలితే," అని, ఏమడగాలా అని ఆలోచనలో పడింది. ఆరోగ్యమా? ఆ పిల్ల రాయిలా ఉంటుంది. కొడుకులా? ఉన్నారు. ఇల్లా, నగలా? ఏనాడూ వాటి మాట ఎత్తలేదు. పదేళ్ళు ఆ పిల్ల ప్రతి కదలికనీ కనిపెట్టి చూసింది. ఏం ఎత్తుకుపోతుందోనన్న భయమేగానీ, ఏం కావాలో ఒక్కసారీ చూడలేదు.

"ఏమయ్యా, అసలు దానికేం కావాలి?" అని అడిగింది.

లామిత్ నుదురు రుద్దుకున్నాడు.  అతనికీ తెలియదు.

"సరే, దిగగానే ఫోన్ కలుపు," అంది కమ్సియా. "నువ్వు మాట్లాడకు. నేనే అడుగుతాను."