బల్ల మీది ఎర్ర తూటాలు

ఆ రోజు ఉత్త తూటా అనుకుని నిజం తూటాను తుపాకీలో పెట్టి ట్రిగ్గర్ నొక్కాను. అది చెయ్యి చేసిన పొరపాటు అనుకున్నా, వెంటనే ఆడిన అబద్ధం మాత్రం తెలిసి ఆడిందే.

భద్రాచలం రోడ్డు మీద, అడవి మొదలయ్యే చోట నాది తుపాకులు బాగుచేసే దుకాణం. బ్యాంకు గార్డులు, పంట కాపలాకు లైసెన్సు తీసుకున్న రైతులు వస్తుంటారు. తూటాను పేల్చే పిన్ను సరిగా కొడుతోందో లేదో చూడటానికి, పేలిపోయిన తూటా గుల్లల్లో మైనం నింపి ఉత్త తూటాలు చేసుకుంటాను. చూపుకి నిజం వాటిలాగే ఎర్రగా ఉంటాయి. అందుకే ఎవరి తూటాలనూ గడప దాటనివ్వను. తుపాకీ మూతి ఎప్పుడూ గోడకున్న ఇసుక బస్తాల వైపే పెడతాను.

ఆ పొద్దున వాన. కారేపల్లి వైపు నుంచి ఒక మొక్కజొన్న రైతు, బామ్మర్దిని వెనక కూర్చోబెట్టుకుని బండి మీద తడిసి వచ్చాడు. తూటాల సంచి నా బల్ల మీద పెట్టాడు. నేను బయట పెట్టమనలేదు. అందులోంచి రెండు జారి నా ఉత్త తూటాల పక్కకు దొర్లాయి. చూశాను. తర్వాత తీద్దామనుకున్నాను. కరెంటు లేదు, వెలుతురు కోసం తుపాకీని గుమ్మం వైపు తిప్పుకుని కొత్త పిన్ను బిగించాను.

“రెండుసార్లు నొక్కినా పేలలే మిస్త్రీ. పందులు నన్ను జూసి నవ్వినయ్” అన్నాడు రైతు.

“తుపాకీ ఎందుకు బావా? నువ్వు గురక వెడితే సాలదా, పందులు ఏరు దాటిపోతయ్” అన్నాడు గుమ్మంలో నిలబడ్డ బామ్మర్ది.

నేనూ నవ్వాను. రైతు బామ్మర్ది వైపు తిరిగి ఉన్నాడు. నవ్వుతూనే చేతికందిన ఎర్ర తూటా పెట్టి నొక్కాను.

చెవులు మూసుకుపోయాయి. పొగ తేలేసరికి ఆ కుర్రవాడు గడప మీద కూలబడి ఉన్నాడు. కుడి మోకాలు లేదు. ఎముక తెల్లగా బయటపడి, పిక్క తోలుకు వేలాడుతోంది. నెత్తురు మెట్ల మీదుగా వాన నీళ్లలోకి పారుతోంది. నోరు తెరిచి అరుస్తున్నాడు, నాకు వినపడటం లేదు. నా బెల్టు తీసి అతని తొడకు బిగించాను.

చెవులు కాస్త తెరుచుకునేసరికి పక్క హోటల్లోని జనం పరుగున వచ్చారు. “ఏందిది? ఎవడు గాల్చిండు?”

“లోపల తూటా ఉంచి తెచ్చిండు” అన్నాను, రైతును చూపిస్తూ.

అతను నా మొహంలోకి చూశాడు. “తీసిననుకున్న మిస్త్రీ... రాత్రంతా నిద్ర లేదు. మరిచిన్నేమో.”

తుపాకుల సంగతి నాకు తెలుసు కాబట్టి నా మాట నమ్మాడు. తన మాట తానే నమ్మలేదు. జనం అతణ్ణి బురదలోకి లాగి కడుపులో తన్నారు. అతను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. నేను కుర్రవాడి తొడ మీది బెల్టు ఇంకా బిగిస్తున్నాను.

రైతు, హోటల్ జనం, నేను కలిసి కుర్రవాణ్ణి ఖమ్మం దవాఖానాకు చేర్చాం, అక్కడ కాలు తీసేశారు. వరండాలో రైతు భార్య మొగుడి చొక్కా పట్టుకుని మొహం మీద కొట్టింది. “నా తమ్మున్ని గిట్ల జేస్తివి గదరా! నా చేతులమీద వెరిగిండురా వాడు!” అతని పెదవి చిట్లి నెత్తురు గడ్డం మీదికి కారింది.

“అవ్. నేనే జేసిన” అన్నాడతను. పోలీసులు అతణ్ణి అక్కడి నుంచే తీసుకెళ్లారు.

ఆ ‘నేనే’ అన్న మాట నేను అనాల్సింది. వాళ్ల వెనకే స్టేషనుకు వెళ్లాను.

“తూటా వెట్టింది నేను సార్. మూతి గుమ్మం దిక్కు తిప్పింది నేను.”

ఎస్సై తలెత్తాడు. “మరి ఆయన తనే అంటుండేంది?”

“నేను జెప్పిన గనక నమ్మిండు.”

దుకాణం తాళాలు బల్ల మీద పెట్టాను. జైలుకు పంపేముందు ఒక్కసారి దవాఖానాకు తీసుకెళ్లమని బతిమాలాను. ఎస్సై ఒప్పుకుని, రైతును కూడా అదే జీపు ఎక్కించాడు. దారంతా అతను నా వైపు చూడలేదు.

ఆమె ఇంకా వరండాలోనే ఉంది. “నీ మొగుని తప్పేం లేదమ్మా. కాల్చింది నేను. ఆయన మీదికి నెట్టింది గూడ నేనే” అన్నాను.

చెప్పు తీసి నా మొహం మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. కానిస్టేబుల్ ఆపబోతే వద్దన్నాను. పొద్దున అతణ్ణి తన్నినవాళ్లు కొందరు గోడ దగ్గర నిలబడి ఉన్నారు. వాళ్లకు వినపడలేదేమోనని, అటు తిరిగి మళ్లీ గట్టిగా చెప్పాను.