గుడ్లున్నాయి, మెల్లగా!

ఆ ఇంటి మామగారు తన గురించి జన్మలో ఎన్నడూ భయపడి ఎరగరు. పిట్టల తరఫున మాత్రం పొద్దున లేచింది మొదలు భయపడుతూనే ఉండేవారు. కొండదారుల్లో లారీ నడిపి, ఒకసారి బ్రేకులు పోయినా చెక్కుచెదరని మనిషి, వీధిలో ఎవరైనా తుమ్మితే చాలు, వరండాలోకి పరుగెత్తి "అదిరిపడ్డాయేమో!" అని గుండె పట్టుకునేవారు.

వరండాలో మూడు పంజరాలు వేలాడేవి. ఒక్కోదాంట్లో ఒక జంట ఫించ్ పిట్టలు, ఎర్రముక్కులేసుకుని బొటనవేలంత ఉండేవి. పంజరానికొక చిన్న కుండ, కుండలో గుడ్లు. ఆ గుడ్లే ఆ ఇంటిని ఏలేవి.

"గుడ్లున్నాయి, మెల్లగా!" ఇదీ ఆయన మంత్రం. ఆ ఇంట్లో కుక్కర్ కూత వెయ్యడానికి వీల్లేదు. కూత రాబోతుండగానే అత్తగారు స్టవ్ కట్టేసేవారు కనక ఏది వండినా కాస్త పలుకుగానే ఉండేది. డోర్‌బెల్ కూడా పీకేశారు. వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గర తాడు లాగితే, లోపల ఆయన కుర్చీ పక్కన ఒక రుమాలు ఊగేది. ఆయన కునుకు తీస్తుంటే చుట్టాలు ఎండలో నిలబడి తాడు లాగుతూనే ఉండేవారు.

కొత్త కోడలికి ఇదంతా చూసి గుండెల్లో రాయి పడింది. ఆమె ఆస్పత్రిలో నర్సు. రాత్రంతా డ్యూటీ చేసి పొద్దున ఇంటికొచ్చి పడుకునేది. ఆమె గది కిటికీ సరిగ్గా ఆ పంజరాల మీదికే తెరుచుకునేది. తన వల్ల ఎక్కడ ఏ పిట్ట బెదిరి గూడు వదిలేస్తుందోనని చెప్పులు చేత్తో పట్టుకుని ఇంట్లోకొచ్చేది. నిద్రలో దగ్గొస్తుందేమోనని దిండులో మొహం దాచుకుని పడుకునేది.

ఆయన భయాలకు అసలు పరీక్ష పెట్టేది ఆయన అక్కగారు. ఆవిడ మామూలుగా పలకరిస్తే పక్కవీధిలో జవాబు చెప్పేవారు.

"ఒరేయ్ తమ్ముడూ! చచ్చావా బతికావా?" అని ఒకరోజు గుమ్మంలోంచే కేకేసింది.

మామగారి మొహం తెల్లబోయింది. "అక్కా, గుడ్లున్నాయి!"

"ఎన్నాళ్ళురా ఈ పొదగడం? ఏనుగైనా ఈపాటికి ఈనేది!"

"తల్లి బెదిరి లేచిపోతే మళ్ళీ మొదటికొస్తుందక్కా."

"నీ పిచ్చికి మందు లేదురా," అని ఆవిడ గుసగుసగా తిట్టింది. ఆవిడ జీవితంలో అదే మొదటి గుసగుస.

ఇదివరకు ఆ వరండాలో లవ్‌బర్డ్స్ కూడా ఉండేవి. రోజంతా గలగలమనే చిన్న చిలకలు. కోడలు కాపురానికొచ్చిన కొత్తల్లోనే, ఫించ్‌లను బెదిరిస్తున్నాయని చెప్పి ఆయన వాటిని తన స్నేహితుడు టైలరు ఇంట్లో పెట్టి వచ్చారు. అప్పట్నించీ సాయంత్రం కాగానే, "చొక్కాకి కొలతలిచ్చొస్తా," అని టైలరు దగ్గరికి బయల్దేరేవారు. చొక్కా మాత్రం వచ్చేది కాదు.

"అతగాడు చొక్కా కుడుతున్నాడా, షామియానా కుడుతున్నాడా?" అనేవారు అత్తగారు.

ఒకరోజు మధ్యాహ్నం అత్తామామలు బజారుకెళ్ళారు. కోడలు నిద్రలో ఉండగా వరండాలో టపటపమని రెక్కల చప్పుడు. కిటికీలోంచి చూస్తే, పిల్లి! చివరి పంజరానికి వేలాడుతూ లోపలికి పంజా పెడుతోంది. ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి. చీపురు తీసుకుని పరుగెత్తింది. ఒక్క దెబ్బకి పిల్లి గోడ దూకి పోయింది కానీ, రెండో దెబ్బ పంజరానికి తగిలింది. పంజరం కొక్కెంలోంచి ఊడి ధబీమని కింద పడింది.

పిట్టలు రెండూ ఊచలు పట్టుకుని రొప్పుతున్నాయి. బతికే ఉన్నాయి. కుండ మాత్రం బోర్లాపడింది, గుడ్లు ఊచల్లోంచి జారి గచ్చు మీద పడ్డాయి.

ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది. అయిపోయింది. ఇల్లంతా ఊపిరి బిగబట్టి కాపాడుకున్న గుడ్లను తనే చేజేతులా నాశనం చేసింది. వీధిలో తుమ్ముకే గుండె పట్టుకునే మనిషి ఇది చూసి బతుకుతారా?

కాస్సేపటికి భయంభయంగా కళ్ళు తెరిచింది. ఒక్క గుడ్డూ పగల్లేదు. ఒకటి గోళీలా దొర్లుకుంటూ పోయి గుమ్మానికి కొట్టుకుని ఆగింది. దాన్ని తీసి చూసింది. గోటితో నొక్కింది. చుట్టూ సన్నటి అతుకు గీత కనబడింది.

సరిగ్గా అప్పుడే మామగారు సంచీతో లోపలికొచ్చారు. "అమ్మా! నీకేం దెబ్బ తగల్లేదు కదా?" అన్నారు ముందు. తర్వాత ఆమె అరచేతిలోని గుడ్డు చూశారు. ఆయన మొహంలో అంత భయం ఆమె ఎన్నడూ చూడలేదు.

"మామయ్యా, ఇది ప్లాస్టిక్ గుడ్డు."

"అవునా! ఈ రోజుల్లో అన్నీ కల్తీయేనమ్మా."

వెనకే వచ్చిన అత్తగారికి నవ్వాగలేదు. "చాల్లెండి సంబడం, ఇంక నేనే చెప్పేస్తా. వచ్చిన కొత్తల్లో అబ్బాయితో అన్నావు చూడు, నిద్ర చాలక సూది పట్టుకుంటే చెయ్యి వణికిందని? అది ఈయన విన్నారు. నిద్ర లేని డ్రైవరు చేతిలో లారీ ఎంతో, నిద్ర లేని నర్సు చేతిలో సూదీ అంతేనని ఆ పూట ముద్ద మింగలేదు."

"మరి నాతో చెప్పొచ్చు కదా అత్తయ్యా?"

"కోడలు పడుకుంది, మెల్లగా మాట్లాడమంటే ఈయనక్క, అదే మీ పెద్దత్త, ఊరుకుంటుందా? పగలంతా పడుకునే కోడలని ఊరంతా చాటుతుంది. గుడ్లంటే ఈయన్నే పిచ్చాడని తిట్టి ఊరుకుంటుంది!"

"మరి పిట్టలు పెట్టిన గుడ్లు?"

"పెట్టినవి పెట్టినట్టు పట్టుకెళ్ళి టైలరు పెంచే ఫించ్‌ల కింద పెడుతున్నారు. పిల్లలు పుడితే మేతకోసం ఒకటే గోల, నీకు నిద్ర పాడవుతుందని భయం. సాయంత్రాలు వెళ్ళేది ఆ పిల్లల్ని చూసుకోవడానికే. చొక్కా లేదు, పాడూ లేదు."

మామగారు పంజరం ఎత్తి కొక్కేనికి తగిలించే పనిలో తలమునకలైనట్టు నటించారు. కోడలికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. నవ్వే ముందొచ్చింది.

"మామయ్యా, నేను చేసేది పసిపిల్లల వార్డులో. ఎంతమంది ఏడుస్తున్నా కునుకు తియ్యగలను. ఇన్నాళ్ళూ నాకు నిద్ర పట్టనిది మీ గుడ్లు ఏమైపోతాయోనన్న భయంతోనే! ఈసారి నిజం గుడ్లే ఉంచండి."

"మరి మా అక్క గొంతో?"

"పెద్దత్తకి మాత్రం గుడ్లు ఎప్పటికీ ఉన్నట్టే."

ఆ తర్వాత కొన్నాళ్ళకి మూడు కుండల్లోనూ పిల్లలు పుట్టాయి. మేత కోసం వరండా ఎగిరిపోయేట్టు అరిచాయి. కుక్కర్ కూడా ధైర్యం తెచ్చుకుని కూత వేసింది. కోడలు వీటన్నిటి మధ్యా ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది. ఇంతలో ఎవరో దబదబా గది తలుపు బాదారు. ఆమె ఉలిక్కిపడి లేచి తలుపు తీసింది.

ఎదురుగా మామగారు, చెమటలు కక్కుతూ.

"ఏమైంది మామయ్యా?"

"ఇంత గోలలోనూ నువ్వు లేవకపోతే, ఒంట్లో ఎలా ఉందోనని భయమేసిందమ్మా."

"గుడ్లున్నాయి మామయ్యా, మెల్లగా," అని కోడలు నవ్వుతూ తలుపేసుకుంది.