పల్లూ నెమళ్ల బెల్‌బాటం

ఒక్క ప్యాంటు కుట్టించుకుని ఇరవై ఎనిమిదేళ్ల కాపురాన్ని పంచాయితీకెక్కించినవాణ్ని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. తీరిగ్గా కూర్చోండి, అంతా చెబుతాను. నవ్వు వస్తే నవ్వుకోండి గానీ మా బాపు ముందు మాత్రం వద్దు.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. మాది సూరత్‌లో నవాగామ్, తెలంగాణ నుంచి వలస వచ్చిన నేతవాళ్ల గల్లీ. బాపు పవర్‌లూమ్ కార్ఖానాలో మగ్గాలు నడుపుతాడు. అమ్మ ఇంట్లో కూర్చుని, మార్కెట్ నుంచి వచ్చిన కొత్త చీరలకు వేలాడే దారాలు కత్తిరిస్తుంది. నేను ఒక చీరల దుకాణంలో ఫొటోలు తీసి బేరగాళ్ల ఫోన్లకు పంపే పని చేసేవాణ్ని. మంచం మీద చీరలు, ఫ్రిజ్ మీద చీరలు, అన్నం తినాలంటే ముందు నాలుగు చీరలు పక్కకు జరపాలి. మీ ఇంట్లో పాత పేపరు ఎంతో మా ఇంట్లో చీర అంత. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి. నా తరఫున చెప్పుకోవడానికి నాకున్నది ఇదొక్కటే.

ఆ రోజుల్లో నాకు పాత టీవీ పిచ్చి పట్టింది. నేను పుట్టకముందే అయిపోయిన సీరియళ్లు ఫోన్లో వెతికి వెతికి చూసేవాణ్ని. ఆ పెద్ద కాలర్ల చొక్కాలేమిటి, నేల ఊడ్చే ప్యాంట్లేమిటి, చెవుల మీదికి దిగిన ఆ జుట్టేమిటి. దువ్వెన పెట్టి నేనూ జుట్టు చెవుల మీదికి దింపుకుని తిరిగేవాణ్ని. నాది కాని కాలం మీద నాకెంత బెంగో, అసలు ఆ కాలంలో బతికిన మా బాపుకు కూడా అంత లేదు.

సరిగ్గా అప్పుడే మా గల్లీవాళ్లు ఒక ఆదివారం సాయంత్రం ‘పాత టీవీ రోజులు’ అని సంబరం పెట్టారు. ఒకప్పుడు గల్లీ మొత్తానికి ఒకటే టీవీ, అది సత్తయ్య తాత ఇంట్లో ఉండేదట. ఆదివారం పొద్దున సీరియల్ వచ్చే వేళకు ఇంట్లో చోటు చాలక జనం కిటికీలకు వేలాడేవారట. ఒకరు మిద్దె మీద యాంటెనా తిప్పుతుంటే, కింద నలభై మంది ‘వచ్చింది, పోయింది’ అని అరిచేవారట. ఆ కాలపు బట్టలు వేసుకుని రావాలి, అందరికంటే బాగా వేసుకున్నవారికి ఆ టీవీయే మొదటి బహుమానం. చెక్క పెట్టె, ముందు జరిపే తలుపులు. బొమ్మ రాదు, గరగర మాత్రం వస్తుంది. ఆ గరగర కోసం నాకు వారం రోజులు నిద్ర పట్టలేదంటే నమ్మండి.

బెల్‌బాటం కావాలి. దుకాణాల్లో దొరికేవి నా కంటికి ఆనలేదు. ఇంట్లో గుడ్డ గుట్టలుగా పడుంటే కొనడం దేనికని చూస్తే, కుర్చీ మీద కనిపించింది చిలకపచ్చ చీర. వంగపండు రంగు అంచు, పల్లూ నిండా నెమళ్లు. చెయ్యి పెట్టగానే తేల్చేశాను, పక్కా పాలిస్టర్. మార్కెట్‌లో తీసి పడేసిన రకం అయి ఉంటుందనుకున్నాను. మధ్యలో ఒకచోట పసుపు మరక కూడా ఉంది. డిజైన్‌లో భాగమేమో అనుకున్నాను. ఎంత తెలివిగలవాణ్నో చూడండి.

చంకలో పెట్టుకుని మా సందు చివరి గుజరాతీ దర్జీ దగ్గరికి పరుగెత్తాను. ముసలాయన వయసులో ఉండగా బెల్‌బాటాలు తప్ప ఇంకేమీ కుట్టలేదట. చీర చూడగానే ‘దీక్రా, దీక్రా’ అని, అంటే కొడుకా అని, నా గడ్డం పట్టుకున్నాడు, కన్నకొడుకు తిరిగొచ్చినంత సంబరం. అంచు కిందికి రావాలని ఆయన, ఒక్కో కాలికి ఒక్కో నెమలి ఉండాలని నేను. మిగిలిన దాంతో పెద్ద కాలరు చొక్కా. ఆయన కత్తెర ఆడిస్తుంటే నేను పక్కన నిలబడి ఈల వేశాను. నా జన్మలో వేసిన ఈలల్లో అంత పాపిష్టి ఈల ఇంకొకటి లేదు.

ఇంట్లో ఏం జరుగుతోందో నాకేం తెలుసు? అమ్మ ఏడాదికోసారి తన పెళ్లి పట్టుచీర పెట్టెలోంచి తీసి గాలికి ఆరబెడుతుంది. అది బాపు పెళ్లికి ముందు ఊళ్లో చేతిమగ్గం మీద ఆరు వారాలు కూర్చుని, తన చేతులతో నేసిన చీర. ఆ కథ నేను పుట్టినప్పటి నుంచీ వింటున్నాను గానీ చీరను ఎన్నడూ తేరిపార చూసింది లేదు. అది మాయమయ్యేసరికి, కత్తిరింపు చీరల మూటల్లో కలిసి మార్కెట్‌కు పోయిందేమోనని అమ్మ మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. నాకు చెబితే కంగారు పడతానని చెప్పలేదట. నేను కూడా, అందరినీ అదరగొట్టాలని, ప్యాంటు సంగతి దాచిపెట్టాను.

ఆదివారం వచ్చింది. టెంటు కిందికి నేను అడుగు పెట్టగానే ఒకటే ఈలలు. కాలు కదిపితే నెమళ్లు ఎగురుతున్నాయి. టీవీ నాదేనని ఖాయం చేసుకుని చుట్టూ ఒకసారి తిరిగాను. తిరిగేసరికి ఎదురుగా అమ్మ. నా మొహం చూడలేదు, నా మోకాలు చూసింది. మెల్లగా వచ్చి, వంగి, ఆ పసుపు మరక మీద వేలు పెట్టింది.

“ఇది నా తలువాల పసుపు” అంది. పెళ్లిలో తలంబ్రాల నాడు అంటిన పసుపు.

ఈలలు ఆగిపోయాయి. అమ్మ అక్కడే కుర్చీలో కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో ఆ ప్యాంటు కంటే ముందు నేను చిరిగిపోతే బాగుండుననిపించింది.

ఇక బాపు లేచాడు. తిట్లకు కూడా సీరియల్‌లాగా భాగాలుంటాయని ఆ రోజే తెలిసింది. నిన్ను నిప్పుల్లో వేస్తానన్నాడు, ఇంట్లోంచి గెంటుతానన్నాడు. చివరికి నలుగురూ వినేలా నన్ను అడిగాడు.

“నేతగాని ఇంట్ల పుట్టినవ్, చెయ్యి పెడితే తెల్వదారా పట్టేదో పాలిస్టరేదో?”

తెలియలేదని ఒప్పుకున్నాను. తల ఎత్తలేకపోయాను.

సత్తయ్య తాతకు అమ్మ ఏడుపు చూసి మనసు కరిగింది. నేసినవాడు ఎదురుగానే ఉన్నాడు, ఊరి నుంచి అలాంటి పట్టే తెప్పిస్తే మళ్లీ నేస్తాడని ఓదార్చి, నా కాలి దగ్గర వంగి అంచులోంచి ఒక దారం లాగాడు.

“పట్టు ఏ రకందో జర చూద్దాం” అంటూ జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు.

మా వాళ్లు దారాన్ని కాల్చి చూస్తారు. పట్టయితే కాలిన వెంట్రుక వాసన వస్తుంది, వేళ్ల మధ్య నలిపితే బూడిదవుతుంది. పాలిస్టరయితే ముడుచుకుని, కరిగి, గట్టి గింజలా మిగులుతుంది. ఇది మా గల్లీలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు.

అగ్గిపెట్టె చూడగానే బాపు గొంతు మారిపోయింది.

“గిక్కడెందుకు కాకా, టెంటు గుడ్డ అంటుకుంటది” అన్నాడు. నిమిషం క్రితం కన్నకొడుకునే నిప్పుల్లో వేస్తానన్న మనిషి.

తాత అప్పటికే పుల్ల గీశాడు. దారం ముడుచుకుంది. కరిగింది. ఆవగింజంత నల్లటి గింజ అయి ఆయన గోటి మీద నిలబడింది. వాసన అందరికీ కొట్టింది. అంతా మగ్గాల మనుషులే, ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. నాకు మాత్రం కాళ్ల మీది నెమళ్లు నిజంగానే ఎగిరినట్టయింది.

అమ్మ కళ్లు తుడుచుకుంది.

“ఆరు వారాలు మగ్గం మీద కూసున్నవా?” అని బాపును అడిగింది.

బాపు చెప్పుల వైపు చూస్తూ, “రైల్ల కూసున్న” అన్నాడు. “కార్ఖానల లీవు దొరకలే. ఈడి మార్కెట్లనే తీస్కొని వచ్చిన. నువ్వు మస్తు సంబరపడ్డవ్. గా సంబరం చూసినంక నోరు రాలే.”

పక్కింటి పెద్దమ్మ ఊరుకోలేదు. రోజూ వంద పాలిస్టర్ చీరలు పట్టుకునే చేతులకు ఇన్నేళ్లూ ఎట్లా తెలియలేదని అమ్మను నిలదీసింది.

“చీరనెవలు చూసిన్రు అక్కా” అంది అమ్మ. “ఎట్ల నేసిండో చెప్తుంటే మొకం చూస్కుంట కూసున్న.”

బాపు తల ఇంకా కిందికి పోయింది. ఇక బాపు పని అయిపోయిందనుకున్నాను. అమ్మ లేచింది, కొంగు దులిపింది, నేరుగా బహుమానం టీవీ దగ్గరికి నడిచింది.

“ఇది పిలగానికి ఇయ్యకు కాకా” అంది. “వాళ్ల బాపుకియ్యి. ఇరవై ఎనిమిదేండ్ల సంది ఒక్క నాడు ఆగకుంట సీరియల్ నడిపిండు.”

ఆ నవ్వుకు టెంటు గుంజలు ఊగాయి. అందరికంటే ఎక్కువ నవ్వింది అమ్మే. బాపు ఆ టీవీని నెత్తిన పెట్టుకుని ఇంటిదాకా మోశాడు, దారి పొడుగునా జనం కిటికీల్లోంచి చూశారు. మరుసటి సెలవుకు ఊరెళ్లి మా చిన్నాయన చేతిమగ్గం మీద నిజం పట్టు ఎక్కించాడు కూడా. వెళ్లినప్పుడల్లా నేస్తున్నాడు. ఇప్పటికి జానెడయింది.

నా వేళ్లు చెప్పింది అక్షరాలా నిజం, తిట్లు తిన్నదీ నేనే. అందుకే మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక నా బొందిలో ప్రాణం ఉన్నంతవరకు, ఏ ఇంట్లో ఏ మొగుడైనా పెళ్లాం చీర చూపించి పట్టు అంటే, చెయ్యి కూడా పెట్టను, పట్టే అంటాను. చేతిలో అగ్గిపెట్టె ఉంటే మింగేస్తాను.