అవ్వ ఒప్పుకున్న బదులుపని

కోయిలకుంట్ల నుంచి ఎడ్లబండి మీద ఒక పూట ప్రయాణం మా ఊరు. చుట్టూ నల్లరేగడి. యాభైలలో నేను కర్నూల్లో కాలేజీ చదువుతున్నప్పుడు ఒక ఏడు మా కుంట కట్టకు గండి పడి, నీళ్ళన్నీ వంకలోకి పోయాయి. ఊళ్ళో చూస్తే రెండు వర్గాలు. ఒకరు పట్టిన పారను ఇంకొకరు ముట్టరు. గండి పూడ్చడానికి ముందు ఎవరు దిగాలో తేలకుండానే ఏడాది గడిచింది. ఆ ఏడాదంతా మా అవ్వ వంక ఇసుకలో చెలమ తోడి, చిప్పతో కడవ నింపుకుని, నెత్తిన పెట్టుకుని తెచ్చేది. ముసలిది. సెలవులకు వచ్చి ఆ నీళ్ళు తాగాలంటే నాకు గొంతు దిగేది కాదు.

అందుకే, శ్రమదానానికి జర్మనీ నుంచి కాలేజీ పిల్లలు వచ్చారనీ, మా ఊరికి ఒక్క రోజు ఇస్తారనీ తెలియగానే ఎగిరి గంతేశాను. పరాయి దేశం వాళ్ళ ముందు పరువు పోతుందని రెండు వర్గాలవాళ్ళూ పనిలోకి దిగుతామన్నారు. దుబాసీగా నన్నే పెట్టారు. మృగశిర కార్తె రేపో మాపో. ఈ రోజు గండి పూడితే పూడినట్టు, లేదంటే అవ్వకు ఇంకో ఏడాది చెలమే.

తెల్లవారగానే లారీ దిగారు. మొదలైంది మా ఊరి మర్యాద! డప్పులు, బొట్లు, బంతిపూల దండలు. బడిలోంచి కుర్చీలు తెచ్చి కానుగ చెట్టు కింద వేశారు. ఉగ్గాని పెట్టారు. అది అరగకముందే ఓళిగలు పెట్టారు. వద్దన్న కొద్దీ నెయ్యి పోశారు. పాపం, ఒక పొడుగు కుర్రవాడు పొట్ట పట్టుకుని నా వైపు దీనంగా చూశాడు. నేనేం చేసేది? కాలుకాలిన పిల్లిలా కట్టకూ చెట్టుకూ మధ్య తిరుగుతున్నాను. పొద్దు నెత్తిమీదికి వస్తోంది, ఒక్క గంప మట్టి పడలేదు.

ఎలాగో కట్ట దగ్గరికి తోలుకొచ్చానా, అక్కడ ఇంకో తంటా. గోధుమరంగు జడ వేసుకున్న ఒక అమ్మాయి గంప ఎత్తగానే మా పెద్దాయన ఒకరు ఉరికొచ్చి లాక్కున్నాడు.

"ఏమప్పా, నీకు బుద్ధి ఉండాదా? ఇంటికొచ్చిన సుట్టాలతో మట్టి మోపిస్తాండావే! ఊరి మానం ఏం కావాల?"

"వాళ్ళు వచ్చిందే దానికి పెదనాయనా!"

"వస్తే వచ్చినారు. కూసోమను. సూస్తాండమను. మేం చేస్తాం."

చేశారా? చేయలేదు. ఒకడు పార పట్టడం, నలుగురు ఆ పిల్లల చేతుల్లోంచి గంపలు లాక్కోవడం, మిగతా ఊరంతా నిలబడి తమాషా చూడడం. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పడమట మబ్బు కమ్ముతోంది. లారీ డ్రైవరు సాయిబు వచ్చి చెవి కొరికాడు. "జల్దీ కానీయప్పా. వాన పడిందంటే ఈ రేగట్లో బండి కదల్దు. రెండు చినుకులు పడినా నేను పోతా."

"కూర్చోబెట్టి పంపడానికేనా వీళ్ళను ఇంత దూరం తెచ్చింది?" అని అరిచేశాను. అందరూ నావైపు తిరిగారు. అప్పుడే అవ్వ చెలమ నుంచి వస్తూ కడవ దింపింది.

"ఎందుకురా అంతగా అరుస్తాండావు?" అంది. చెప్పాను. అవ్వ ఆ అమ్మాయి దగ్గరికి పోయి, తల నుంచి కాళ్ళ దాకా చూసింది.

"పాపా, మీ ఊర్లో పనేమన్నా ఉండాదా?"

ఇదేం ప్రశ్న అనుకుంటూనే ఇంగ్లీషులో అడిగాను. ఆ అమ్మాయి మెల్లగా చెప్పింది. యుద్ధంలో వాళ్ళ ఊరి మీద బాంబులు పడ్డాయట. వాళ్ళ వీధి వీధంతా ఇటుకల గుట్ట అయిందట. అమ్మా, తనూ ఏళ్ళ తరబడి ఆ ఇటుకలు ఏరారట, ఇంకా అయిపోలేదట.

నేను తెలుగులో చెబుతుంటే అవ్వ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అయ్యో తల్లీ, ఇల్లు కూలిపోయిన పిల్లవు, ఈడికొచ్చి మాకు చేస్తాండావా!" అంది. ఊరివైపు తిరిగింది. "ఇనండప్పా. వీళ్ళు సుట్టాలు కాదు, బదులుకొచ్చినారు. ఈ పొద్దు మనకు వాళ్ళు, రేపు వాళ్ళకు మనం. ఆ పాప ఊరికి నేను పోతా. ఇంగ గంపలు ఇడ్సండి."

మా పక్క బదులుపని అంటే అంతే. ఈ రోజు నీ చేలో నేను చేస్తే, రేపు నా చేలో నువ్వు చేస్తావు. దానికి కూలి లేదు, మొహమాటం లేదు. బదులుకొచ్చినవాణ్ణి ఎవరూ కుర్చీలో కూర్చోబెట్టరు. పెద్దాయన గంప తెచ్చి ఆ అమ్మాయి చేతిలో పెట్టాడు.

ఆ తర్వాత పని ఎలా సాగిందో చెప్పలేను. రాళ్ళు, మట్టి, మళ్ళీ రాళ్ళు. రెండు వర్గాలవాళ్ళూ ఒకే వరసలో నిలబడి గంపలు అందుకున్నారు. ఇంకా ఒక మూరెడు ఉందనగా చినుకు పడింది. డ్రైవరు హారన్ మోగిస్తూనే ఉన్నాడు. ఎవరూ వినలేదు. గండి పూడింది.

బురదకాళ్ళతో లారీ ఎక్కుతున్న ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుంది అవ్వ. "ఎప్పుడు రావాల్నో చెప్పమనురా."

ఆ అమ్మాయి నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "మంచు కరిగాక," అంది.

"అంటే ఉగాది పొద్దుకు," అని నేనే తేల్చేశాను. లారీ కదిలింది.

ఆ రాత్రి కుండపోత. కట్ట నిలిచింది. తెల్లారి అవ్వ కుంటలో కడవ ముంచి తెచ్చి, "తాగరా," అంది. తాగాను. ఆ లారీ సంగతి ఇక మరిచిపోయాను.

ఉగాదికి ఇంటికి వచ్చాను. తెల్లారేసరికి అవ్వ తలంటుకుని, ఉతికిన కోక కట్టి అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన కొత్త గంప, అందులో జొన్నరొట్టెల మూట.

"యాడికవ్వా?"

"యాడికంటావేమిరా! ఆ పాప ఊరికి. పనికి పిలిచినోళ్ళు మన కోసరం దావ సూస్తాంటారు. లెయ్, బండి కట్టు."