మారిషస్ ఆవిడను ఇంటిపేరు అడిగాను

ఒంటారియోలో కేంబ్రిడ్జ్ నుంచి లండన్ వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడది మారిషస్. నా ఫోన్ మాటలు విని, బళ్లో నేర్చుకున్న తెలుగులో మెల్లగా పలకరించింది.

తెలుగువాళ్లెవరు కలిసినా నేను మొదట అడిగేదే ఆమెనూ అడిగాను.

"మీ ఇంటిపేరేంటి ఆంటీ?"

"మాకు లేదు బాబూ. చెరకు తోటల్లో పనికి మా ముత్తాతను ఓడలో తెచ్చినప్పుడు దొర వట్టి పేరే రాసుకుని నంబరిచ్చాడు. డచ్చివాళ్లు, ఫ్రెంచివాళ్లు, ఇంగ్లీషువాళ్లు అందరూ పోయి దీవి మాదైంది. ఇంటిపేరు మాత్రం తిరిగి రాలేదు. అది ఉంటే ఏం తెలుస్తుంది?"

కులం తెలుస్తుంది. ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు.

"నీదేంటి?" అని ఆశగా అడిగింది.

ఎప్పుడూ ఛాతీ విరుచుకుని చెప్పే పేరును ఆ రోజు గొణిగాను.

ఆమె దాన్ని రెండుసార్లు పలికి, "ఎంత బాగుందో!" అంది.